వాలీబాల్ ఆడే కుర్రాడికి మోకాలి చిప్ప కింద నొప్పి: ఆట మానిపించాలా?

అక్కా, మీవాడు ఇంటర్ చదువుతున్నాడు, స్మాషర్ (ఎగిరి బంతిని బాదేవాడు), సంక్రాంతి పోటీల దగ్గర్నుంచి ఎడమ మోకాలి చిప్ప కింద నొప్పంటున్నాడు, ఊళ్ళోవాళ్ళేమో గుజ్జు అరిగింది, ఆట మానిపించమంటున్నారు అని రాశారు. ఆ వయసులో గుజ్జు అరగడం అరుదు. చిప్ప కింది అంచున వేలితో నొక్కి చూడండి. సరిగ్గా అక్కడే కలుక్కుమని, ఎగిరినప్పుడు ఎక్కువవుతుంటే చాలావరకు అది జంపర్స్ నీ, అంటే చిప్పను కాలి ఎముకకు కలిపే నరంలాంటి పట్టీకి వచ్చే బాధ. వాపున్నా, మోకాలు పట్టేస్తున్నా మాత్రం ఎముకల డాక్టరుకు చూపించాల్సిందే.

కాలేజీలో నేనూ ఈ నొప్పితోనే ఆడాను. ఇప్పుడు కందుకూరు పక్కన హైస్కూలు గ్రౌండులో సాయంత్రాలు పిలకాయలకు నేర్పిస్తుంటా. నేను ముందు అడిగేది ఒకటే: వారంలో ఎన్నిసార్లు ఎగురుతున్నాడు? పొద్దున కాలేజీ టీము, సాయంత్రం ఊరి టీము, ఆదివారం ఎక్కడో టోర్నమెంటు. ఏ టీము వాళ్ళకూ రెండో టీము లెక్క పట్టదు. పైగా బాగా ఎగిరేవాడికే లిఫ్టర్, అంటే బాదడానికి బంతి లేపి ఇచ్చేవాడు, ప్రతి బంతీ ఇస్తాడు. ఈ నొప్పి ఎక్కువగా వచ్చేది కూడా అట్లా ఎత్తుకు ఎగిరేవాళ్ళకే! నార్వేలో పెద్ద స్థాయి ఆటగాళ్ళను పరిశీలించి 2005లో వేసిన లెక్కలో వాలీబాల్ వాళ్ళలో దాదాపు 45 శాతం మందికి ఇదుంది. అక్కడే కుర్రాళ్ళ మీద చేసిన ఇంకో పరిశీలనలో ప్రాక్టీసు గంటలకన్నా వారానికి ఆడే మ్యాచ్ సెట్లు పెరగడమే ఎక్కువ ప్రమాదమని తేలింది. మన సంక్రాంతి పోటీల్లో జరిగేదదే. నెలంతా మామూలుగా ఆడి, ఆ మూడు రోజులూ పొద్దున్నుంచి ఫ్లడ్‌లైట్ల దాకా.

నేల సంగతి కూడా చూడండి. సిమెంటు గచ్చు మీదా, ఎండకు రాయిలా బిగిసిన గ్రౌండు మీదా దిగితే దెబ్బంతా మోకాలికే. మైపాడు బీచిలో ఇసక మీద ఆడేవాళ్ళకు ఈ బాధ తక్కువ.

ఎడమ కాలికే ఎందుకంటారా? కుడిచేతి వాటం స్మాషర్‌కు బంతి ఎడమ భుజం మీదికి వస్తే ఒళ్ళు అటు ఒరుగుతుంది, ఎడమ కాలి మీద ఒంటిగా దిగుతాడు. ఫోన్లో వీడియో తీస్తే తెలిసిపోతుంది. చీలమండ బిగువున్నా దిగే బరువు మోకాలికే పోతుంది. గోడకెదురుగా నిలబెట్టి, బొటనవేలు గోడకు పది సెంటీమీటర్ల దూరంలో పెట్టి, మడమ లేపకుండా మోకాలు గోడకు తాకించమనండి. తాకకపోతే పిక్క, చీలమండ సాగదీసే వ్యాయామాలు రోజూ చేయించాలి.

ఆట పూర్తిగా మానిపించొద్దు. పూర్తిగా పడుకోబెట్టి మళ్ళీ ఒక్కసారిగా దింపితే నొప్పి అంతే వేగంగా తిరిగొస్తుంది. కొన్ని వారాలు ఒక్క టీముకే ఆడించండి, స్మాషులు తగ్గించి సర్వీసు, పాసింగ్ చేయించండి. బళ్ళో శిక్షగా వేయించే గోడ కుర్చీ ఇక్కడ మందులా పనిచేస్తుంది, నొప్పి భరించగలిగినంత వరకే. నొప్పి బిళ్ళ వేసుకుని మ్యాచుకు దిగడం మాత్రం ఆపించండి.