మన చర్చికి ర్యాంపు

చిరంజీవి మేనల్లుడికి,

విశాఖ పాతనగరంలోని మన చర్చికి ర్యాంపు కట్టించే పని ఫాదర్ గారు నీకు అప్పగించారని మీ అమ్మ చెప్పింది. సంతోషం. మనదేమీ రాస్ హిల్ మీది చర్చి కాదు కొండ ఎక్కించడానికి, ఉన్నవి 3 మెట్లే. కానీ ఇలాంటి చిన్న పనులే తొందరగా చెడిపోతాయి.

ముఖద్వారం అందం పోతుంది, ర్యాంపు వెనకవైపు పెడదామని కమిటీలో ఎవరో ఒకరు అంటారు. ఒప్పుకోకు. పెళ్లికీ పండక్కీ అందరూ ఎటు నుంచి వస్తారో చక్రాల కుర్చీ కూడా అటే రావాలి. వెనక తలుపు తాళం ఎవరి దగ్గరుందో వెతికేసరికి పూజ సగం అయిపోతుంది. ఖర్చని గొణిగితే 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం చూపించు. అందులో ప్రార్థనా స్థలాలూ ఉన్నాయి.

వాలు దగ్గర బేరం వద్దు. 1 అడుగు ఎత్తుకి 12 అడుగుల పొడవు. మెట్టుకి 6 అంగుళాల చొప్పున అడుగున్నర ఎత్తు, అంటే 18 అడుగుల ర్యాంపు. మేస్త్రీ పదడుగుల్లో తేల్చేస్తానంటాడు. అది మూటలు దొర్లించడానికి బావుంటుంది. చోటు చాలకపోతే మధ్యలో మలుపు తిప్పించు, అక్కడ కుర్చీ తిరగడానికి ఐదడుగుల చదరం వాలు లేకుండా ఉండాలి. వెడల్పు 4 అడుగులకి తగ్గకూడదు. రెండు పక్కలా పట్టుకోవడానికి రెయిలింగ్, చక్రం జారకుండా అంచున చిన్న గట్టు.

నాకు అసలు టెన్షన్ గోడ గురించే. అది సున్నంతో కట్టిన గోడ. సిమెంటు అంటిస్తే లోపలి చెమ్మ బయటికి పోలేదు, పైగా సముద్రపు ఉప్పు, పెచ్చులూడిపోతాయి. ర్యాంపుని 2 అంగుళాలు ఎడంగా, సొంత పునాది మీద నిలబెట్టు. ఆ సందులో నీళ్లు నిలవకుండా చూడు. రెయిలింగ్ కోసం గోడకి ఒక్క బెజ్జం కూడా పెట్టనివ్వకు. రేపు ర్యాంపు తీసేసినా గుడికి గీత పడకూడదు.

రెయిలింగ్ స్టెయిన్‌లెస్ స్టీలే, అదీ 316 గ్రేడ్. 304 చవక గానీ మన హార్బరు గాలికి మచ్చలొస్తాయి. గ్రేడ్ బిల్లులో రాయించుకో. నున్నటి గ్రానైట్ పరిపిస్తామని దాతలెవరైనా వస్తే దండం పెట్టి గరుకు రాయి అడుగు. వాళ్ల పేరు ఎక్కడ చెక్కించాలో ఫాదర్ గారు చూసుకుంటారు.

లోపల మధ్య వరసలో ఒక పొడవు బల్ల తీయించి పొట్టిది వేయించు. కుర్చీలో వచ్చినవాళ్లు ఇంట్లోవాళ్ల పక్కనే ఉంటారు.

మెట్ల ఎత్తు టేపుతో కొలిచి పంపు. డ్రాయింగ్ నేను వేస్తాను.

మీ మామయ్య