కొసకు జానెడు దారం

చిరంజీవి చిన్నారికి అమ్మమ్మ ఆశీస్సులు.

నీ కొత్త ఇంటి గృహప్రవేశానికి భోజనాల బల్ల మీద పరిచే గుడ్డను నీ చేతులతోనే లేసుగా అల్లాలనుకుంటున్నావని మీ అమ్మ నిన్న ఫోనులో చెప్పింది. మా నరసాపురం చుట్టుపక్కల ఊళ్ళలో ఆడపిల్లల చేతికి పలకతో పాటే లేసు సూది వచ్చేది. మీ అమ్మ చదువుల్లో పడి దాన్ని వదిలేసింది కనుక, ఈ విద్య మన ఇంట్లో నాతోనే ఆగిపోతుందని నేను ఎప్పుడో అనుకున్నాను. అందుకే ఆ కబురు విన్నప్పుడు నాకు ఎంత గర్వంగా అనిపించిందో ఉత్తరంలో రాయలేను. అయితే రాత్రి పడుకుని, 5 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు ఉన్న బల్లకు నాలుగంగుళాల పువ్వులు ఎన్ని కావాలో లెక్క వేసుకున్నాక నిద్ర పట్టలేదు. పైభాగం కప్పడానికే 135 పువ్వులు కావాలి, అంచుకు వేలాడే భాగం వేరు. మొదటిసారి సూది పట్టేవారికి పువ్వుకు ఒక సాయంత్రం పడుతుంది. గృహప్రవేశానికి ఇంకా ఎన్ని సాయంత్రాలు ఉన్నాయో నువ్వే లెక్కపెట్టుకో.

కనుక బల్లగుడ్డను తరువాత చూద్దాం. ముందు నీళ్ళ చెంబు కింద పెట్టుకునేంత గుండ్రటి గుడ్డ ఒక్కటి అల్లు. అది పాడైతే పోయేది ఒక్క దారపు ఉండే.

నువ్వు చూస్తున్న వీడియోల్లో కొన్నింట రెండు సూదులతో అల్లుతున్నారని మీ అమ్మ చెప్పింది. అది నిట్టింగు. అందులో ఒక కుట్టు జారితే కింది వరుసల దాకా నిచ్చెనలా విడిపోతుంది. మనది క్రోషే, కొనకు కొక్కెం ఉన్న ఒక్క సూది పని, ఎప్పుడూ ఒక్క ఉచ్చు మాత్రమే తెరిచి ఉంటుంది. పిలుపు వచ్చి లేవాలంటే ఆ ఉచ్చును పొడుగ్గా లాగి పిన్నీసు తగిలించి లేచిపోవచ్చు, వంటా పిల్లలూ ఉన్న ఇళ్ళలో ఈ పని నిలబడింది అందువల్లనే. ఇంకొక మాట. అమెరికా వాళ్ళు డబుల్ క్రోషే అనే కుట్టునే బ్రిటన్ వాళ్ళు ట్రెబుల్ అంటారు. నమూనా ఏ దేశానిదో చూడకుండా మొదలుపెడితే పువ్వు కొలతే తప్పుతుంది. నేను కింద రాసేవన్నీ అమెరికా పేర్లే.

దారం 20 నంబరుది తీసుకో. నంబరు పెరిగేకొద్దీ దారం సన్నబడుతుంది, 40 నంబరు జోలికి ఇప్పుడే వెళ్ళవద్దు. దానికి 1.25 మిల్లీమీటర్ల ఉక్కు సూది సరిపోతుంది. కొనే ముందు కొక్కెం కొనను గోటి మీద రాసి చూడు, గోటికి గీరుకుంటే అది దారాన్నీ చీలుస్తుంది. తెల్లదారం అల్లేటప్పుడు ఒడిలో నల్లగుడ్డ పరుచుకో, కుట్ల మధ్య సందులు స్పష్టంగా కనిపిస్తాయి. రాత్రిపూట మంచం మీద పడుకుని, ఫోను వెలుగులో మాత్రం అల్లకు. నా రెండు కళ్ళకూ శుక్లాల ఆపరేషను అయింది. అది వయసు వల్లనే వచ్చిందని డాక్టరు ఎంత చెప్పినా, కిరోసిను బుడ్డి ముందు కూర్చున్న ఆ రాత్రుల మీద నాకు అనుమానం పోదు.

గుండ్రటి గుడ్డ బల్లపరుపుగా రావడానికి ఒక లెక్క ఉంది. డబుల్ క్రోషే అయితే మొదటి చుట్టులో 12 కుట్లు, రెండో చుట్టులో 24, మూడో చుట్టులో 36, ఇలా చుట్టుకు పన్నెండేసి పెరగాలి. పెంచడం మరిచిపోతే అంచు పైకి లేచి గిన్నెలా అవుతుంది, ఎక్కువ పెంచితే పరికిణీ కుచ్చిళ్ళలా ముడతలు పడుతుంది. ప్రతి చుట్టు చివరా లెక్కపెట్టు. తప్పు కనిపిస్తే అక్కడికక్కడే విప్పెయ్యి, తరువాతి చుట్టులో సర్దుకుందామని మాత్రం ముందుకు వెళ్ళకు.

ఇక నేను ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం చెబుతాను. పువ్వు మొదలుపెట్టడానికి దారాన్ని వేలికి ఉంగరంలా చుట్టి, అందులోనే కుట్లన్నీ వేసి, చివరకు కొస పట్టి లాగి మధ్య రంధ్రాన్ని మూసేసే పద్ధతి ఒకటి ఉంది. నీ వీడియోల్లోనూ అదే చూపిస్తున్నారట. చూడడానికి చాలా అందంగా ఉంటుంది. నాకు పదహారేళ్ళప్పుడు నేనూ అలాగే మొదలుపెట్టేదాన్ని.

ఆ రోజుల్లో ఏజెంటు దారం లెక్కకట్టి ఇచ్చి, లేసు లెక్కకట్టి తీసుకునేవాడు. మాలో కొందరిది పువ్వులు అల్లే చేతిపని, కొందరిది వాటిని కలిపే అతుకుపని. ఎవరి పువ్వు ఏ దేశంలో ఏ బల్ల మీదికి చేరిందో మాకు తెలిసేది కాదు, మా తప్పులు కూడా మాకు తిరిగి వచ్చేవి కావు. పెద్దక్కకు పెళ్ళి కుదిరినప్పుడు, మిగిలిన దారపు ముక్కలన్నీ కూడబెట్టి తొమ్మిది పువ్వుల గుడ్డ ఒకటి అల్లి ఇవ్వాలని నేను పంతం పట్టాను. ఎనిమిది పువ్వులయ్యేసరికి దారం తరిగిపోయింది. ప్రతి కొసకూ జానెడు వదలమని మా అమ్మ పక్కన కూర్చుని చెబుతూనే ఉంది. జానెడు చొప్పున వదిలితే తొమ్మిదో పువ్వు రాదు. అందుకని కొసలన్నీ అరంగుళానికి కత్తిరించి, ముడివేసి, పైన గట్టిగా గంజి పెట్టాను. గంజి ఉన్నంతసేపూ ఆ గుడ్డ అట్టముక్కలా నిలబడింది. పెళ్ళిలో చూసినవాళ్ళందరూ మెచ్చుకున్నారు, అమ్మ మాత్రం ఏమీ అనలేదు.

పదకొండేళ్ళ తరువాత భీమవరంలో అక్క ఇంటికి వెళ్ళాను. ఆ గుడ్డ అల్మరా మీద పరిచి ఉంది, నడుమన ఇత్తడి పూలకుండీ ఉంది. నా పనితనం చూసుకుందామన్న ఆశతో కుండీ ఎత్తాను. నడిమి పువ్వు మధ్య భాగం లేదు. ఉంగరం జారిపోయి, పన్నెండు కుట్ల కాళ్ళూ ఊడి, రూపాయి బిళ్ళంత రంధ్రం పడితే, దాన్ని మామూలు కుట్టుదారంతో అడ్డదిడ్డంగా లాగి కుట్టి ఉంది. అక్కకు లేసు సూది పట్టడం రాదు. మొదటి ఉతుకులోనే విడిపోయిందట. ఇదేనా మీ చెల్లెలి పని అని అత్తగారు అడిగితే, తన గోరు తగిలి తెగిందని అక్క చెప్పిందట. ఆ పదకొండేళ్ళలో నాకు రాసిన ఏ ఉత్తరంలోనూ ఆ సంగతి ఎత్తలేదు. కుండీని మళ్ళీ అక్కడే పెట్టి, కాఫీ చల్లారిపోతుంది రమ్మని నన్ను వంటింట్లోకి పిలిచింది. 2024లో నరసాపురం క్రోషే లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చిందని పేపరులో చదివినప్పుడు, ఊరంతా సంబరపడుతుంటే నాకు ముందుగా కనిపించింది ఆ ఇత్తడి కుండీయే.

అందుచేత నువ్వు ఆరు చైన్లు, అంటే గొలుసు కుట్లు వేసి, వాటిని గుండ్రంగా కలిపి, ఆ ఉంగరంలో కుట్లు వెయ్యి. కొస దారాన్ని ఉంగరానికి ఆనించి పట్టుకుని, దాన్ని కూడా కలుపుకుంటూ కుట్లు వేస్తే అది అక్కడే చిక్కుకుపోతుంది. చివరి కొసకు జానెడు వదిలి, మొద్దు మొన ఉన్న సూదిలోకి ఎక్కించి, కుట్ల వెనక నుంచి రెండంగుళాలు ఒక వైపు నడిపించి, ఒక కుట్టు దాటించి మళ్ళీ వెనక్కి తిప్పు. ఒకే వైపు దూర్చిన కొస వచ్చిన దారినే బయటికి జారిపోతుంది. నిగనిగలాడే మెర్సరైజ్డ్ దారం మరీ నున్నగా ఉంటుంది, వట్టి ముడిని నమ్ముకోవద్దు. దారం తక్కువైతే ఒక పువ్వు తగ్గించుకో, కొసను మాత్రం తగ్గించకు. నేను కోప్పడుతున్నానని అనుకోకు తల్లీ, నీ చేతుల్లో ఆ ముడి ఊహించుకుంటేనే నా గుండె దడదడలాడుతోంది.

అల్లిక పూర్తయ్యాక గోరువెచ్చటి సబ్బునీళ్ళలో ఉతికి, తువ్వాలు మీద పరిచి, చుట్టూ సమానంగా లాగి గుండుసూదులు గుచ్చి నీడలో ఆరబెట్టు. తుప్పు పట్టని సూదులే వాడు, తుప్పు మరక లేసును వదలదు.

వచ్చే ఆదివారం మీ మామయ్య హైదరాబాదు వస్తున్నాడు. నా సూదుల్లో ఒకటి, 20 నంబరు దారపు ఉండలు నాలుగు వాడి చేత పంపుతున్నాను. నీ మొదటి గుడ్డ ఎంత వంకరగా వచ్చినా మూడుసార్లు ఉతికి, గంజి పెట్టకుండా నాకు పంపు. దాన్ని తిరగేసి కొసలు చూడాలి.

ఇట్లు,
మీ అమ్మమ్మ