స్పెషల్ టైర్లతో కొట్టిన ల్యాప్ టైమ్‌ను ఒప్పుకోవచ్చా?

సూపర్‌కార్‌కు స్పెషల్ టైర్లు వేసి రికార్డు కొడితే అది కారు ఘనతేనా అని అడిగారు. నేను చూసేది ఒక్కటే: ఆ టైరు కారు కొన్నవాళ్లకు కూడా దొరుకుతుందా? దొరికితే పేచీ లేదు. ఆ ఒక్క ల్యాప్ (ట్రాక్ చుట్టూ ఒక రౌండు) కోసమే చేయించిందైతే మాత్రం ఒప్పుకోను.

మిషెలిన్ పైలట్ స్పోర్ట్ కప్ 2 ఆర్, పిరెల్లీ పీ జీరో ట్రోఫియో ఆర్ లాంటి స్పెషల్ టైర్లు రోడ్డు మీద చట్టబద్ధమే. కానీ రబ్బరు మెత్తన, గాడులు తక్కువ. వేడెక్కితే రోడ్డును పట్టేసుకుంటాయి, కాబట్టి డ్రైవర్ బ్రేక్ ఆలస్యంగా తొక్కొచ్చు, మలుపులో వేగం అంతగా తగ్గించనక్కర్లేదు. జర్మనీలోని నూర్బుర్గ్‌రింగ్ లాంటి పొడవైన ట్రాక్‌లో మలుపు మలుపుకీ మిగిలిన ఆ కాస్త సమయం కలిసి సెకన్లవుతుంది. 2018లో అక్కడే లంబోర్గిని అవెంటడార్ ఎస్‌వీజే ట్రోఫియో ఆర్ టైర్లతో 6 నిమిషాల 44.97 సెకన్లు తీసింది. అంతకుముందు ఏడాది పోర్షె 911 జీటీ2 ఆర్‌ఎస్ తీసింది 6:47.25. రెండు సెకన్ల చిల్లర. ఇంత తేడా టైరు మార్చినా వస్తుంది!

ఇవే టైర్లు వానలో నీళ్లమీద తేలిపోతాయి, చలిలో పట్టు ఇవ్వవు, తొందరగా అరుగుతాయి. రోజూ నడిపేవాళ్లు వీటిని వేసుకోరు.

టైరు కంటే నన్ను ఎక్కువ విసిగించేది దూరం. పై రెండు టైమ్‌లూ దాదాపు 20.6 కి.మీ.కి తీసినవి. అదే ట్రాక్‌లో ఇప్పటి అధికారిక ల్యాప్ 20.832 కి.మీ. ఈ రెంటినీ ఒకే పట్టికలో పెట్టేవాళ్లు ఇంకా ఉన్నారు.