నడక లెక్క, నూనె లెక్క: మేనల్లుడికి ఒక ఉత్తరం

పర్లాకిమిడి

చిరంజీవి మేనల్లుడికి అత్తయ్య ఆశీస్సులు.

రోజూ పొద్దున్నే గంటసేపు నడుస్తున్నా రెండు నెలలుగా తూకం 82 కిలోల దగ్గరే ఆగిపోయిందని రాశావు. నడకలో లోపం లేదు బాబూ, నడక మీద పెట్టుకున్న లెక్కలో ఉంది. గంట నడకకి చేతి గడియారం 400 కేలరీలు చూపిస్తోందన్నావు. నీ బరువున్న మనిషి గంటకి అయిదున్నర కిలోమీటర్ల వేగంతో నడిస్తే దగ్గరదగ్గర 350 ఖర్చవుతాయి. అందులో 80 దాకా ఆ గంటా నువ్వు కుర్చీలో కూర్చున్నా ఖర్చయ్యేవే. నడిచినందుకు అదనంగా పోయేది 270. తిరిగొస్తూ టిఫిను బండి దగ్గర మూడు బరాలు (మినప గారెలు), ఒక దొన్నె ఘుగుని (బఠాణీ కూర), చక్కెర టీ తీసుకుంటే 500 దాటిపోతుంది. నడవని రోజు బండి దగ్గరికి వెళ్ళవు కాబట్టి నడిచిన రోజే ఎక్కువ తింటున్నట్టు తేలుతోంది. నడక మానకు. నడిచాక తినేదాన్ని నడకకి బహుమానంగా చూడడం మానుకో.

ముందు నీ ఒంటికి రోజుకి ఎంత కావాలో కట్టుకో. 1990లో వచ్చిన మిఫ్లిన్-సెయింట్ జియోర్ సూత్రం ఇప్పటికీ ఎక్కువమంది వాడేది. బరువు కిలోలని 10తో, ఎత్తు సెంటీమీటర్లని 6.25తో హెచ్చించి రెండూ కలుపు. వయసుని 5తో హెచ్చించి అందులోంచి తీసెయ్యి. మగవాళ్ళయితే 5 కలపాలి, ఆడవాళ్ళయితే 161 తియ్యాలి. 82 కిలోలు, 170 సెంటీమీటర్లు, 35 ఏళ్ళు అంటే నీకు 1,712 వస్తుంది. కదలకుండా పడుకున్నా ఒంటికి కావలసినది ఇది. కుర్చీ పని కనుక 1.2తో హెచ్చిస్తే 2,050. ఎక్సర్‌సైజు చేసేవాళ్ళ కోసం 1.375, 1.55 అని పెద్ద అంకెలు కూడా ఇస్తారు. చాలామంది ఇక్కడే తప్పుతారు. నడుస్తున్నాం కదా అని 1.375 వేసుకుంటారు, ఆపైన గడియారం చూపించిన కేలరీలు కూడా తిండికి కలుపుకుంటారు. ఒకే నడకని రెండుసార్లు లెక్కపెట్టినట్టవుతుంది. నువ్వు 1.2 మీదే ఉండు, నడకని విడిగా ఉంచు. సూత్రం పదిశాతం అటూ ఇటూ తప్పొచ్చు. ఆ తేడా మూడు వారాల తూకంలో తెలుస్తుంది.

ఒక కిలో కొవ్వులో దాదాపు 7,700 కేలరీలుంటాయి. రోజుకి 500 లోటు పెడితే వారానికి అర కిలోకి కొంచెం తక్కువ. ఆ 500లో 300–350 తిండిలో తగ్గించు, మిగిలింది నడక చూసుకుంటుంది. అంటే రోజుకి 1,700 తినాలి. మొత్తం తిండిలోనే కోస్తే ఆకలి తట్టుకోలేవు, కండ కూడా కరుగుతుంది. మొత్తం నడకతోనే రాబట్టాలంటే రోజూ రెండు గంటలు కావాలి, ఉద్యోగం చేసుకునేవాడికి అది సాగదు. వారానికి కిలో కంటే వేగంగా తగ్గాలని చూడకు. మరీ వేగంగా తగ్గినవాళ్ళకి పిత్తాశయంలో రాళ్ళు వచ్చే ప్రమాదం పెరుగుతుంది.

ఇక వంటింట్లోకి. అన్నాన్ని ఎప్పుడూ బియ్యంగానే తూచాలి. ఉప్పుడు బియ్యం ఒకలా ఒదుగుతాయి, పచ్చి బియ్యం ఒకలా. నీళ్ళు ఎక్కువైతే గిన్నెడు అన్నంలో కూడా బియ్యం తక్కువే. వంద గ్రాముల బియ్యానికి సుమారు 350 కేలరీలు. రైస్ కుక్కరుతో ఇచ్చే చిన్న కప్పు నిండా పోస్తే 150 గ్రాములు, అంటే 525. ఇంటిల్లిపాదికీ ఒకే గిన్నెలో వండుతారు కనుక ఇలా చెయ్యి: ఖాళీ గిన్నె బరువు ఒకసారి రాసిపెట్టుకో. 600 గ్రాముల బియ్యం వండాక అన్నం 1,700 గ్రాములు తూగిందనుకో, నీకు 90 గ్రాముల బియ్యం కావాలంటే 255 గ్రాముల అన్నం పెట్టుకోవాలి. వారం రోజులు తూచితే తర్వాత నీ కంచంలో అది ఎంత కనిపిస్తుందో కళ్ళకే తెలిసిపోతుంది. వంటింటి కాటా ఒకటి కొను. బరువు తగ్గించే పొడుల కోసం పెట్టే డబ్బు దానికి పెట్టు.

రాత్రి అన్నం మానేసి చపాతీలు తింటున్నా తగ్గలేదన్నావు. ఒక్కోటి 35 గ్రాముల పిండితో చేసినవి మూడు, ఒక్కోదానికి అర చెంచా నూనె అంటే 400 దాటుతుంది. 115 గ్రాముల బియ్యంతో సమానం. మారింది గింజ మాత్రమే, మోతాదు మారలేదు. చోళ్ళ (రాగుల) సంగతీ అంతే. 2017లో ఒడిశా ప్రభుత్వం చిరుధాన్యాల మిషన్ మొదలుపెట్టినప్పటి నుంచి మన కొండ జిల్లాల్లో మండియా (ఒడియాలో చోళ్ళు) మాట బాగా వినిపిస్తోంది, మంచిదే. చోళ్ళలో వంద గ్రాములకి 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది, బియ్యంలో పదికి మించదు. పీచు కూడా ఎక్కువ, కడుపు నిలబడుతుంది. అయితే కేలరీలు బియ్యానికి దగ్గరగానే, 320 ఉంటాయి. అంబలిలో బెల్లం కలిపితే ఇంకా పైకి పోతుంది. 40 గ్రాముల చోడి పిండి అంబలి కాచి మజ్జిగా ఉప్పూ వేసుకుని తాగు.

వేసవిలో పఖాళ (నీళ్ళు పోసిన చద్దన్నం) తింటే ఒళ్ళు పెరుగుతుందని కొందరు, తగ్గుతుందని కొందరు అంటారు. నీళ్ళు పోసి పులియబెట్టినంత మాత్రాన అందులోని బియ్యం ఎక్కడికీ పోదు. 90 గ్రాముల బియ్యం అన్నంతో చేసుకుంటే అది 90 గ్రాములే, పైగా నీళ్ళతో కడుపు నిండుతుంది. లెక్క తప్పేది పక్కన పెట్టుకునే వాటితో: బడి చూర (వేయించి నలిపిన వడియాలు), ఆలూ వేపుడు, వేయించిన చేప, అప్పడం. వాటి స్థానంలో కాల్చిన వంకాయ, ఉల్లిపాయ, ఆకుకూర పెట్టుకుంటే పఖాళ లాంటి తేలికైన భోజనం ఇంకోటి లేదు.

నూనె దగ్గర మాత్రం గట్టిగా ఉండాలి బాబూ. పిండిపదార్థంలోనూ మాంసకృత్తుల్లోనూ గ్రాముకి 4 కేలరీలుంటే కొవ్వులో 9. ఒక చిన్న చెంచా నూనె 40 నుంచి 45, పెద్ద చెంచా 120. ఆవనూనె అయినా, పల్లీ నూనె అయినా, నెయ్యి అయినా పెద్ద తేడా లేదు. కూరలో ఎంత వేశారని అడిగితే ఎవరూ సరిగ్గా చెప్పలేరు, అందుకే డబ్బా తెరిచిన రోజు దాని మీద తేదీ రాయండి. మీ నలుగురికీ నెలకి 6 లీటర్లు అవుతోందన్నావు. మనిషికి రోజుకి 50 మిల్లీలీటర్లు, 400 కేలరీల పైమాట. అదే 4 లీటర్లకి తెస్తే మనిషికి 33 మిల్లీలీటర్లు పడుతుంది, రోజుకి 140 కేలరీలు ఎవరికీ తెలియకుండానే తగ్గుతాయి. సీసాలోంచి వంపకుండా చెంచాతో కొలిచి వెయ్యడం, వేపుళ్ళు వారానికి రెండుకి తగ్గించడం, వాడిన నూనెని మళ్ళీ కూరలో పొయ్యకపోవడం, ఈ మూడూ చాలు. మన ఉత్తరాంధ్ర వైపూ ఇక్కడా అలవాటైన ఆవపెట్టిన కూర, నువ్వుపొడి కూర తక్కువ నూనెతోనే రుచిగా ఉంటాయి, కోడలమ్మాయికి చెప్పు.

టీ కూడా రాసుకో. సగం పాలు, రెండు చెంచాల చక్కెర వేసిన చిన్న కప్పు 70 దాకా ఉంటుంది. రోజుకి అయిదు తాగితే 350, నీ తిండిలో తగ్గించాల్సినదంతా అక్కడే ఉంది. రెండు కప్పులు, ఒక్కో చెంచా చక్కెర చాలు.

1,700 అంటే ఎంతో తెలియడానికి ఒక రోజు రాస్తాను. పొద్దున అంబలి, రెండు గుడ్లు, టీలు కలిపి 375. మధ్యాహ్నం 90 గ్రాముల బియ్యం, 30 గ్రాముల పప్పు, వంద గ్రాముల చేప, గిన్నెడు కూర, పెరుగు, అన్నిటికీ కలిపి రెండు చెంచాల నూనె, ఇది 730. సాయంత్రం సింగడాకి (సమోసాకి) బదులు 20 గ్రాముల మరమరాలు, 20 గ్రాముల వేపుడు శనగలు ఉల్లిపాయతో కలుపుకుంటే 145. రాత్రి ఒక్కోటి 30 గ్రాముల పిండితో రెండు చపాతీలు, పప్పు, కూర, రెండు చెంచాల నూనె, 440. మాంసకృత్తులు 70–75 గ్రాములు వస్తాయి, నీకు అంత కావాలి. చేప లేని రోజు శనగలో పనీరో పెట్టు. కార్తీకంలో నీచు మానేసినప్పుడు చాలామంది అన్నం పెంచేస్తారు, పప్పు పెంచాలి.

నడక ఒక్కటే చాలదు. తిండి తగ్గినప్పుడు ఒళ్ళు కొవ్వుతో పాటు కండనీ కరిగిస్తుంది, కండకి పని ఉంటే వదలదు. వారానికి రెండు మూడు రోజులు కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం 12 సార్లు, గోడకో మంచం పట్టెకో ఆనించి దండీలు 10, అయిదు కిలోల బియ్యం సంచీ నడుము వంచి పొట్ట వైపు లాగడం 12, ఇలా మూడు విడతలు. 20 నిమిషాల పని. చివరి రెండు సార్లు కష్టంగా లేకపోతే బరువు పెంచు. సంచీ లాగేటప్పుడు వీపు గుండ్రంగా వంగితే నడుము పడుతుంది, వీపు తిన్నగా ఉంచి తుంటి దగ్గర వంగాలి. నడకలో మాట్లాడగలగాలి గానీ పాట పాడలేనంత వేగం ఉండాలి. మే నెలలో అయిదున్నరకే బయల్దేరి ఆరున్నరకల్లా ఇంట్లో ఉండు. తల తిరిగినా, చెమట ఆగిపోయినా ఆ రోజు నడక వద్దు, నీడకి వెళ్ళు.

తూకం పొద్దున దొడ్డికి వెళ్ళొచ్చాక, ఏమీ తాగకముందు చూడు. రోజూ చూసినా నమ్మాల్సింది ఏడు రోజుల సగటునే. మొదటి వారం కిలో, కిలోన్నర తగ్గితే ఎక్కువ భాగం నీరే. ఒంట్లో దాచుకున్న పిండిపదార్థం గ్రాముకి మూడు గ్రాముల నీటిని పట్టుకుని ఉంటుంది, అది వదులుతుంది. ఎండుచేపలో ఆవకాయో గట్టిగా తిన్న మర్నాడు ఉప్పుకి నీరు నిలిచి కిలో పెరిగినట్టు కనిపిస్తుంది, అది కొవ్వు కాదు. నడుము కొలత రెండు వారాలకోసారి బొడ్డు మట్టంలో తీసుకో. మగవాళ్ళకి 90 సెంటీమీటర్ల లోపు, ఆడవాళ్ళకి 80 లోపు ఉండాలి.

మూడు వారాల సగటు కదలకపోతే ఏం తిన్నావో అయిదు రోజులు నూనెతో సహా రాయి. ఎక్కువసార్లు జవాబు అక్కడే దొరుకుతుంది. 76కి వచ్చాక సూత్రం మళ్ళీ కట్టు. ఆరు కిలోలు తగ్గిన ఒంటికి రోజుకి 70 తక్కువ చాలు, అదే నడకకి ఖర్చూ తగ్గుతుంది. అంతకుముందు పనిచేసిన 1,700 అప్పుడు అంత పనిచెయ్యదు. తిండి ఇంకా కొయ్యకు, పది నిమిషాలు నడక పెంచు. తగ్గిన బరువు తిరిగి రాకుండా కాపాడేది ఎక్కువగా ఈ కదలికే. రజ పండగకి పొడ పిఠా, సంక్రాంతికి అరిసెలు తిను, వారం మొత్తం మీద సర్దుకో. మర్నాడు పస్తు మాత్రం ఉండకు, సాయంత్రానికి ఆకలి తిరగబడుతుంది.

కోడలమ్మాయి నీ లెక్కతో తినకూడదు. 62 కిలోలు, 155 సెంటీమీటర్లు, 32 ఏళ్ళు అంటే రోజంతా కలిపి 1,520 వస్తుంది, 250 కంటే తగ్గించొద్దు. మీ నాన్న కూడా మొదలుపెడతానన్నాడని రాశావు. ఆయన షుగరుకి గ్లిమెపిరైడ్ వేసుకుంటున్నాడు. తిండి తగ్గించి నడక పెంచితే ఆ మాత్ర మీద షుగరు పడిపోతుంది, ఇన్సులిన్ తీసుకునేవాళ్ళకీ అంతే. డాక్టరుకి చూపించి మోతాదు సరిచేయించుకున్నాకే మొదలుపెట్టాలి, నడకకి వెళ్ళేటప్పుడు జేబులో గ్లూకోజో చక్కెరో ఉండాలి. వణుకు, చెమట, కళ్ళు తిరగడం వస్తే మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగి, పావుగంట కూర్చుని, షుగరు చూసుకుని లేవాలి.

మూడు వారాల తూకాలు, నడుము కొలత, నూనె డబ్బా ఎన్ని రోజులు వచ్చిందో రాసి పంపు.

మీ అత్తయ్య