పచ్చ లైటు వెలిగితే బ్యాటరీ నిండినట్టేనా?

ప్రశ్న: మా డాబా మీద 165 వాట్ల సోలార్ ప్యానెళ్లు రెండు, కింద 12 వోల్టుల 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్ల) ట్యూబులర్ బ్యాటరీ ఉన్నాయి. నాలుగేళ్లవుతోంది. పొద్దున పదకొండుకల్లా, బ్యాటరీకి ఛార్జింగ్ అదుపు చేసే కంట్రోలర్ మీద పచ్చ లైటు వచ్చేస్తుంది, మీటరు పెడితే 14.4 వోల్టులు చూపిస్తుంది. రాత్రి కరెంటు పోతే మాత్రం రెండు ఫ్యాన్లు, రెండు లైట్లు రెండు గంటలు కూడా ఆడట్లేదు. బిగించినాయనేమో 'ఫుల్ అయింది కదమ్మా' అంటాడు. ఎవర్ని నమ్మాలి సార్?
– ఓ పాఠకురాలు, కుషాయిగూడ

జవాబు: లైటును మాత్రం నమ్మకండమ్మా. మామూలు కంట్రోలర్లలో ఆ పచ్చ లైటుకు తెలిసింది వోల్టేజీ ఒక్కటే. ఎండలో కరెంటు లోపలికి తోస్తున్నంతసేపూ వోల్టేజీ ఉన్నదానికన్నా ఎక్కువే కనిపిస్తుంది, పాలు పొంగి అంచుదాకా వచ్చాయని గిన్నె నిండా పాలున్నాయనుకోం కదా. మంచి బ్యాటరీ అయినా 14.4 తాకేసరికి సుమారు ఎనభై శాతమే ఎక్కి ఉంటుంది, మిగతా ఇరవై శాతం అదే వోల్టేజీ దగ్గర నెమ్మదిగా, గంటల తరబడి ఎక్కుతుంది.

అందుకే వోల్టేజీతో పాటు కరెంటు కూడా చూడాలి. కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లి, వైరు చుట్టూ తగిలిస్తే కరెంటు చెప్పే క్లాంప్ మీటరు కొనుక్కోండి, కానీ డీసీ ఆంపియర్లు చూపించేదే అడిగి తీసుకోండి, చవగ్గా దొరికేవాటిలో చాలావరకు ఏసీ మాత్రమే కొలుస్తాయి, ఇంటికొచ్చాక సున్నా చూసుకుని తిట్టుకోవాలి. మధ్యాహ్నం ఎండ బాగా ఉన్నప్పుడు బ్యాటరీ వైరు చుట్టూ క్లాంప్ పెట్టండి. 14.4 దగ్గర నిలబడి ఉండగానే కరెంటు తగ్గుతూ తగ్గుతూ మూడు ఆంపియర్ల లోపుకొచ్చి, గంటసేపు అక్కడే ఉంటే, ఇక ఎక్కించగలిగినంత ఎక్కినట్టే. వోల్టేజీ కూడా పడిపోతూ కరెంటు తగ్గిందా, అది నిండడం కాదు, పైన మబ్బు. అనుమానం ఉంటే ఒక ఫ్యాన్ వేసి, ఈసారి ప్యానెల్ వైరు మీద క్లాంప్ పెట్టి చూడండి: అక్కడ కరెంటు ఠక్కున పెరిగితే ప్యానెల్ దగ్గర ఇంకా ఉంది, బ్యాటరీయే వద్దంటోంది. కొన్ని కంట్రోలర్లు తొందరపడి వోల్టేజీని 13.7కి దించేస్తాయి, అప్పుడు కూడా కరెంటు తక్కువే కనిపిస్తుంది, మోసపోకండి.

మీది మూతలు తీసే బ్యాటరీ కాబట్టి అసలు సాక్షి లోపలి యాసిడ్ సాంద్రత కొలిచే హైడ్రోమీటరే. మెకానిక్కులు 'గ్రావిటీ చూడటం' అంటారు. ట్యూబులర్ బ్యాటరీ నిండితే సాధారణంగా 1.240–1.250 చూపిస్తుంది, మీ కంపెనీ అంకె మాన్యువల్‌లో ఉంటుంది. ఆరు సెల్లూ చూడండి, గంట ఆగి మళ్లీ చూడండి. అంకె కదలకపోతే ఛార్జింగ్ అయిపోయినట్టు. ఒక్క సెల్ మాత్రం మిగతావాటికన్నా 0.030కి మించి తగ్గి ఉంటే తంటా అక్కడుంది. డిస్టిల్డ్ వాటర్ పోసిన వెంటనే మాత్రం చూడకండి, నీళ్లు పైనే తేలి తప్పు అంకె వస్తుంది. గదికి గాలి ఆడాలి, దగ్గర్లో అగరుబత్తి కూడా వద్దు, బుడగల్లో వచ్చేది హైడ్రోజన్.

ఇక మీ రెండు గంటల సంగతి. రెండు ఫ్యాన్లు, లైట్లు, ఇన్వర్టర్ తినేది కలిపి 200 వాట్లు దాటుతుంది. మీ బ్యాటరీ కొత్తలో 12×150, అంటే 1800 వాట్ అవర్లది, సగమే వాడినా నాలుగు గంటలు రావాలి. పదకొండుకి బ్యాటరీలోకి పది ఆంపియర్లు పైనే పోతుంటే అది ఇంకా నిండలేదు, పగలు ఫ్యాన్లు తగ్గించి సాయంత్రం దాకా ఎక్కనివ్వండి. అలాకాక 14.4 చేరగానే కరెంటు పడిపోయి గ్రావిటీ 1.200 దగ్గరే ఆగిందంటే ప్లేట్లకు సల్ఫేట్ పట్టేసింది, మెకానిక్‌ని పిలిచి ఈక్వలైజ్ ఛార్జింగ్ (కాసేపు మామూలు కన్నా ఎక్కువ వోల్టేజీతో ఎక్కించడం) చేయించి చూడండి. గ్రావిటీ బాగానే ఉండి బ్యాకప్ రాకపోతే ప్లేట్లే అరిగాయి, బ్యాటరీ మార్చాల్సిందే.

ప్రశ్న: మాది లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ. మాకూ ఇవే లెక్కలా?
– ఓ పాఠకుడు, మణికొండ

జవాబు: కాదు. ఇందులో వోల్టేజీ మధ్యలో దాదాపు కదలదు, నలభై శాతమో డెబ్భయ్యో దాన్నిబట్టి చెప్పడం కష్టం. లోపలికెళ్లిన ఆంపియర్లు, బయటికొచ్చినవి లెక్కపెట్టే మీటరుండాలి. ఆ లెక్క కూడా రోజులు గడిచేకొద్దీ పక్కకి జారుతుంది, అందుకే అప్పుడప్పుడూ కంపెనీ చెప్పిన పూర్తి వోల్టేజీ దాకా ఎక్కించాలి. రోజూ నూటికి నూరు నింపక్కర్లేదు, వదిలేయండి.