బ్రౌజర్ యాప్‌లో బయటి డేటా రావట్లేదు, సీఓఆర్ఎస్ ఎర్రర్: మధ్యలో మీ సొంత సర్వర్ ఒకటి పెట్టుకోండి

మీరు అడిగింది ఇదీ కదా: గుణుపురం వైపు పత్తి, చింతపండు కొనేవాళ్ల కోసం ఒక పేజీ చేస్తున్నారు, మార్కెట్ ధరలు ఒక చోట నుంచి, వాతావరణం ఇంకో చోట నుంచి తెచ్చి చూపించాలి. ధరల లింకు అడ్రస్ బార్‌లో కొడితే డేటా చక్కగా కనపడుతోంది, అదే లింకు మీ జావాస్క్రిప్ట్‌లో ఫెచ్ (డేటా తెచ్చే కమాండ్) చేస్తే ఎర్రగా సీఓఆర్ఎస్ (CORS, కోర్స్ అని కూడా అంటారు, ఒక సైట్ పేజీ ఇంకో సైట్ డేటా చదవచ్చా లేదా అనే బ్రౌజర్ నియమం) ఎర్రర్ వస్తోంది, ఎవరో ఆ అడ్డు తీసేసే ఎక్స్‌టెన్షన్ బ్రౌజర్‌లో వేసుకోమన్నారు. ఆ ఎక్స్‌టెన్షన్ మాత్రం వద్దు. నేను ఒడిశా రాయగడలో ఉంటాను, ఇక్కడి కొనుగోలుదార్లకి, రైతు గ్రూపులకి ఇలాంటి పేజీలే చేసి పెడుతుంటాను కాబట్టి పనిచేసిన దారి చెప్తాను, కొంచెం పొడుగవుద్ది.

ముందు అసలు ఏం జరుగుతోందో చూడండి. అడ్రస్ బార్‌లో లింకు కొడితే ఆ సైట్‌కి మీరే వెళ్తున్నారు, దానికి అడ్డేమీ లేదు. కానీ మీ పేజీలోని స్క్రిప్ట్ ఇంకో సైట్ డేటా చదవాలంటే బ్రౌజర్ ఆపుతుంది, ఎందుకంటే ఆ మనిషి అదే బ్రౌజర్‌లో బ్యాంకులోకి లాగిన్ అయి ఉండొచ్చు, ఏ పేజీ పడితే ఆ పేజీ వెళ్లి బ్యాంకు పేజీని చదివేస్తే ఇంకేముంది. ఈ కట్టుబాటు 1995లో నెట్‌స్కేప్ బ్రౌజర్‌లోకి జావాస్క్రిప్ట్ వచ్చిన కొత్తల నుంచీ ఉన్నదే. హెచ్‌టీటీపీయా హెచ్‌టీటీపీఎస్సా, సైట్ పేరు, పోర్ట్ నంబరు, ఈ మూడూ కలిస్తేనే ఒకే ఆరిజిన్, ఒక్కటి తేడా వచ్చినా పరాయిదే. అవతలి సర్వర్ తన జవాబులో యాక్సెస్-కంట్రోల్-అలో-ఆరిజిన్ అనే హెడర్ (జవాబుతో పాటు వెళ్లే చిన్న చీటీ లాంటిది) పెట్టి ఫలానా వాళ్లు చదువుకోవచ్చు అని చెప్తేనే బ్రౌజర్ వదులుతుంది. మామూలు గెట్ రిక్వెస్ట్ (డేటా ఇమ్మని అడగడం) అయితే మీ రిక్వెస్ట్ వెళ్లింది, జవాబు కూడా వచ్చింది, ఆ జవాబుని మీ స్క్రిప్ట్ చేతికి ఇవ్వట్లేదు, అంతే. అందుకే బ్రౌజర్ కాని కర్ల్, పోస్ట్‌మ్యాన్ లాంటి టూల్స్‌లో వస్తుంది, మీ పేజీలో రాదు.

ఎక్స్‌టెన్షన్ వేస్తే మీ ఒక్కరి కంప్యూటర్‌లో పనిచేస్తుంది, సంతలో ఫోన్ పట్టుకుని నిలబడ్డ మనిషికి పనిచెయ్యదు. పైగా మీ బ్రౌజర్‌లో మిగతా సైట్లకి ఉన్న రక్షణ కూడా పోతుంది. ఇంకొందరు ఫెచ్‌లో మోడ్‌ని నో-కోర్స్ అని పెట్టమంటారు, దాంతో ఎర్రర్ పోతుంది గానీ జవాబు లోపల ఏముందో మీ కోడ్‌కి కనపడదు, చేతికొచ్చేది ఖాళీయే. ఎవరో ఉచితంగా నడిపే ప్రాక్సీ (మధ్యవర్తి) సర్వర్లూ వద్దు, మీ కీ (సర్వీసు వాడుకోవడానికి మీకిచ్చే రహస్య కోడ్), మీ డేటా అంతా వాళ్ల చేతుల మీదుగా వెళ్తుంది, వాళ్లు ఏ రోజు ఆపేస్తారో తెలీదు. కోర్స్ ఎనీవేర్ అని అందరూ వాడే డెమో సర్వర్‌ని 2021 జనవరి ఆఖర్లో కట్టడి చేసేశారు, దాని మీద ఆధారపడ్డ పేజీలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. పాత ట్యుటోరియల్స్‌లో జేసన్‌పీ గురించి, ఫ్లాష్ వాళ్ల క్రాస్‌డొమైన్ ఫైలు గురించి ఉంటుంది, వాటిని వదిలేయండి. ఫ్లాష్ 2020 డిసెంబర్ 31తో అయిపోయింది, జేసన్‌పీ అంటే పరాయివాళ్ల కోడ్‌ని మీ పేజీలో పూర్తి హక్కులతో నడపనివ్వడమే.

మరి చెయ్యాల్సింది ఏటంటే, మీ పేజీ బయటి సర్వీసులతో నేరుగా మాట్లాడకూడదు, మీ సొంత చిన్న సర్వర్‌తోనే మాట్లాడాలి, ఆ సర్వర్ వెళ్లి బయట నుంచి తెస్తుంది. సర్వర్‌కి సర్వర్‌కి మధ్య సీఓఆర్ఎస్ ఉండదు. నోడ్‌లో రాయండి, పైథాన్‌లో రాయండి, మీ ఇష్టం, నిజంగా ఓ యాభై వంద లైన్ల పని. మీ చిన్న సర్వర్ కోడ్‌ని వాళ్ల మెషిన్లలో నడిపిపెట్టే క్లౌడ్‌ఫ్లేర్ వర్కర్స్ లాంటివాటిలో ఉచిత ప్లాన్‌లోనే రోజుకి 1,00,000 రిక్వెస్టులు ఇస్తారు, మన జిల్లా స్థాయి పనికి అది ఎక్కువే. కానీ ఒక్క విషయం గట్టిగా చెప్తున్నా, మీ సర్వర్ ఏ లింకు ఇస్తే ఆ లింకు తెచ్చి పెట్టేలా రాయకండి. ధరలు, వాతావరణం అని రెండే దారులు పెట్టి, బయటి లింకులు సర్వర్ లోపలే ఉంచండి, లేకపోతే ఊళ్లో అందరూ మీ సర్వర్‌ని దారిగా వాడుకుంటారు, ఇంకా చెడ్డవాళ్లయితే దాని ద్వారా మీ లోపలి మెషిన్లనే కెలుకుతారు.

కీ కూడా ఆ సర్వర్‌లోనే ఉండాలి. జావాస్క్రిప్ట్‌లో రాసిన ఏ కీ అయినా పేజీ తెరిచిన ప్రతి మనిషికీ కనిపిస్తుంది, దాచడం కుదరదు. ధరలకి మీరు ఎవరి వెబ్‌సైట్ పేజీనో గీకి తెచ్చుకునే బదులు ప్రభుత్వ డేటా సైట్ డేటా డాట్ గవ్ డాట్ ఇన్‌లో రిజిస్టర్ అయి సొంత కీ తీసుకోండి, అగ్‌మార్క్‌నెట్ (కేంద్ర ప్రభుత్వ మార్కెట్ ధరల సైట్) రోజువారీ మండీ ధరలు అందులో ఏపీఐగా (ప్రోగ్రాములు నేరుగా అడిగి తెచ్చుకునే దారిగా) ఉన్నాయి, రాష్ట్రం, జిల్లా, మార్కెట్, సరుకు, రకం, తేదీ, కనిష్ఠ ధర, గరిష్ఠ ధర, మోడల్ (modal) ధర, అంటే ఎక్కువగా పలికిన ధర, అన్నీ వస్తాయి. అక్కడ చూపించే శాంపిల్ కీతో 10 రికార్డులే వస్తాయి, డేటా ఇంతేనా అని కంగారు పడొద్దు. వాతావరణానికి ఓపెన్-మీటియో బాగుంటుంది, వ్యాపార వాడకం కానంతవరకు కీ అక్కర్లేదు, బ్రౌజర్ నుంచి నేరుగా పిలిచినా ఒప్పుకుంటుంది. అయినా నేను దాన్ని కూడా నా సర్వర్ మీదుగానే తెస్తాను, ఎందుకో కింద చెప్తా.

అసలు విలువంతా క్యాష్‌లో (cache, అంటే తెచ్చిన జవాబుని కొంతసేపు దగ్గర దాచిపెట్టుకోవడంలో) ఉంది. మండీ ధర మార్కెట్‌కి రోజుకి ఒకసారి మారేది, వంద మంది వంద సార్లు పేజీ తెరిస్తే వంద సార్లు ఢిల్లీ సర్వర్‌ని అడగక్కర్లేదు. మీ సర్వర్ గంటకో రెండు గంటలకో ఒకసారి తెచ్చి దగ్గర పెట్టుకోవాలి, అడిగినవాళ్లకి అది ఇచ్చెయ్యాలి. బయటి సర్వీస్ పడిపోతే ఏం చెయ్యాలనేదే ముఖ్యం. అప్పుడు చివరగా బాగా వచ్చిన జవాబుని అలాగే ఇవ్వాలి, కానీ అది ఏ తేదీ ధరో ప్రతి అంకె పక్కనా పెద్దగా కనపడాలి. ఇది నాకు చాలా ముఖ్యమైన విషయం. కొండ మీద నుంచి చింతపండు బుట్టలు దింపుకొచ్చిన మనిషి దగ్గర కొనేవాడు ఫోన్ తీసి ఇదిగో ధర అని చూపిస్తే ఆ మనిషి నమ్ముతాడు, అది నాలుగు రోజుల కిందటి ధర అయితే నష్టం ఆయనదే, మన పేజీ వల్లే. తేదీ లేకుండా ధర చూపించే పేజీ కంటే ఏమీ చూపించని పేజీ మేలు.

తేదీ అంటే గుర్తొచ్చింది, ఆ డేటాలో తేదీ రోజు, నెల, సంవత్సరం వరసలో ఉంటుంది, జావాస్క్రిప్ట్ డేట్ మాత్రం 03/04/2025 అని ఇస్తే మార్చి 4 అనుకుంటుంది. 12వ తేదీ వరకు చప్పుడు లేకుండా తప్పు చూపిస్తుంది, 13 నుంచి ఇన్వాలిడ్ డేట్ అంటుంది, కాబట్టి నెల మొదట్లో టెస్ట్ చేస్తే ఇది పట్టుబడకపోవచ్చు. మూడు ముక్కలుగా విడదీసి మీరే తేదీ కట్టుకోండి. ధరలు క్వింటాలుకి ఉంటాయి, మనవాళ్లు కిలో లెక్కలో ఆలోచిస్తారు, 100తో భాగించి రెండూ చూపించండి.

మన సరిహద్దులో ఇంకో తిరకాసు ఉంది, బయట ఊళ్ల డెవలపర్లకి ఇది తట్టదు. రాష్ట్రం ఒడిశా అని ఫిల్టర్ పెట్టేస్తే పర్లాకిమిడి మనిషికి సగం సమాచారమే అందుతుంది, ఆయనకి పక్కనే పాతపట్నం, అవతల ఆంధ్రా మార్కెట్లు కూడా కావాలి. రెండు రాష్ట్రాలకి రెండు రిక్వెస్టులు పెట్టి మీ సర్వర్‌లోనే కలపండి. పార్వతీపురం మన్యం జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది, అంతకుముందు ఆ ఊళ్లు విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో ఉండేవి, కాబట్టి జిల్లా పేరుతో పాత ధరల గ్రాఫ్ గీస్తే మధ్యలో తెగిపోతుంది, మార్కెట్ పేరుతో గీయండి. బరంపురాన్ని ఇంగ్లిష్‌లో రెండు మూడు రకాలుగా రాస్తారు, అందుకని పేర్లకి ఒక చిన్న పట్టిక సర్వర్‌లో పెట్టుకుని, మీ పేజీకి ఎప్పుడూ ఒకటే పేరు వెళ్లేలా చూడండి. వాతావరణానికి ఐపీ అడ్రస్ బట్టి ఊరు కనిపెట్టే సర్వీసులు వాడొద్దు, రాయగడలో కూర్చున్నవాడికి వైజాగ్ వాన చూపిస్తాయి. ఊళ్ల జాబితా ఇచ్చి ఎంచుకోమనండి, అక్షాంశం రేఖాంశం మీ దగ్గరే ఉంచండి.

బ్రౌజర్ వైపు కోడ్‌లో జాగ్రత్తలు కొన్ని. 404 (పేజీ లేదు) గానీ 500 (సర్వర్‌లో తప్పు) గానీ వస్తే ఫెచ్ దాన్ని ఎర్రర్‌గా విసరదు, రెస్పాన్స్ ఓకేనా కాదా అని మీరే చూడాలి. కొన్నిసార్లు అవతల మెయింటెనెన్స్ నడుస్తుంటే 200 (అంతా బాగుంది) అనే చెప్పి జేసన్ డేటా బదులు హెచ్‌టీఎంఎల్ పేజీ పంపిస్తారు, కంటెంట్-టైప్ చూసి గానీ పార్స్ చెయ్యకండి. టైమవుట్ తప్పనిసరిగా పెట్టండి, అబార్ట్ సిగ్నల్‌తో ఒక లైన్‌లో అయిపోతుంది, లేకపోతే సిగ్నల్ లేనిచోట చక్రం అలా తిరుగుతూనే ఉంటుంది. ధరలు, వాతావరణం కలిపి తెచ్చేటప్పుడు ప్రామిస్ ఆల్ వాడితే ఒకటి పోతే మొత్తం పోతుంది, ఆల్‌సెటిల్డ్ వాడండి, వాన కబురు రాకపోయినా ధర కనపడాలి. బయట నుంచి వచ్చిన మాటల్ని ఇన్నర్‌హెచ్‌టీఎంఎల్‌లో పెట్టొద్దు, టెక్స్ట్‌కంటెంట్‌లో పెట్టండి, ప్రభుత్వ డేటా అయినా సరే.

మీ పేజీ ఒక డొమైన్‌లో, సర్వర్ ఇంకో డొమైన్‌లో ఉంటే సీఓఆర్ఎస్ మళ్లీ మీ నెత్తినే పడుతుంది, కుదిరితే రెండూ ఒకే ఆరిజిన్ కింద పెట్టేయండి, గొడవే ఉండదు. కుదరకపోతే హెడర్ మీరే పెట్టాలి, అప్పుడు రెండు విషయాలు గుర్తుపెట్టుకోండి. కంటెంట్-టైప్ జేసన్ అని పంపినా, ఆథరైజేషన్ హెడర్ పెట్టినా బ్రౌజర్ ముందు ఆప్షన్స్ అనే రిక్వెస్ట్ పంపి అనుమతి అడుగుతుంది, అంటే రెండు సార్లు వెళ్లి రావడం, కాశీపూర్ కొండల్లో నెట్‌కి అది బాగా తెలుస్తుంది. యాక్సెస్-కంట్రోల్-మ్యాక్స్-ఏజ్ పెడితే ఆ అనుమతిని బ్రౌజర్ గుర్తుంచుకుంటుంది, క్రోమ్‌లో అయితే గరిష్ఠం 2 గంటలు. రెండోది ఎన్‌జింక్స్ అనే సర్వర్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకి: యాడ్ హెడర్ లైన్ చివర ఆల్వేస్ అని రాయకపోతే 500 వచ్చినప్పుడు ఆ హెడర్ వెళ్లదు, అప్పుడు అసలు తప్పు సర్వర్‌లో ఉన్నా బ్రౌజర్ మాత్రం సీఓఆర్ఎస్ ఎర్రర్ అనే చెప్తుంది, మనం గంటలు గంటలు తప్పు చోట వెతుకుతాం.

సంతకి వెళ్లాక సిగ్నల్ పోవడం ఇక్కడ మామూలే. సర్వీస్ వర్కర్ (నెట్ లేకపోయినా పేజీని చూపించే స్క్రిప్ట్)తో పేజీని ఫోన్‌లో ఉంచి, చివరి ధరల్ని ఇండెక్స్‌డ్‌డీబీలో (బ్రౌజర్ లోపలి నిల్వలో) దాచండి. అన్నీ మీ ఒక్క సర్వర్ నుంచే, మీరు పెట్టిన ఒకే ఆకారంలో వస్తే ఇది సులువవుతుంది, అందుకే వాతావరణం కూడా అటునుంచే తెమ్మన్నాను, రేపు ఆ సర్వీస్ మార్చాల్సొచ్చినా ఫోన్లలో ఉన్న పేజీని ముట్టుకోనక్కర్లేదు. వెబ్‌సాకెట్లూ (ఎప్పుడూ తెరిచి ఉంచే కనెక్షన్లు) అవీ మొదలుపెట్టకండి, రోజుకోసారి మారే ధరకి వాటి అవసరం లేదు.

ముందు ధరల దారి ఒక్కటే సర్వర్‌లో రాసి, ఒక్క మార్కెట్‌కి, తేదీతో సహా పేజీలో కనపడేలా చెయ్యండి. అది వచ్చాక క్యాష్, ఆ తర్వాత వాతావరణం. ఎర్రర్ ఇంకా వస్తే డెవలపర్ టూల్స్‌లో నెట్‌వర్క్ ట్యాబ్ తెరిచి ఆ రిక్వెస్ట్ స్టేటస్ నంబరు, రెస్పాన్స్ హెడర్లు ఇక్కడ పెట్టండి, కీ మాత్రం చెరిపేసి పెట్టండి, చూసి చెప్తాను.