డార్కింగ్‌లో కాటన్ దొర సమాధి చూడాలంటే

ప్రశ్న: మే నెలలో ఇంగ్లండ్‌లోని క్రాయ్‌డన్‌లో ఉన్న మా అబ్బాయి దగ్గరికి వెళ్తున్నాం. మా వారు ఇరిగేషన్‌లో పనిచేసి రిటైరయ్యారు. డార్కింగ్‌లో కాటన్ దొర సమాధి చూడందే తిరిగి రానంటున్నారు. చిన్న సీసాతో గోదావరి నీళ్లు కూడా తెస్తారట. ఆ ఊళ్లో ఇంకేమైనా ఉన్నాయా, ఓ పూట చాలా? నాకు మోకాళ్ల నొప్పులు. మేం శాకాహారులం.
– ఒక పాఠకురాలు, అమలాపురం

జవాబు: ఓ పూట చాలదమ్మా, రోజంతా పెట్టుకోండి. మాదీ ఆత్రేయపురం వైపే. మనవాళ్లు చాలామంది సమాధి దగ్గర ఫొటో తీసుకుని వెంటనే లండన్ రైలెక్కేస్తారు, నాకది బాధగా ఉంటుంది. ఆయన చివరిదాకా బతికిన ఊరు కదా అది!

వెస్ట్ క్రాయ్‌డన్‌లో ఎక్కి సట్టన్‌లో రైలు మారితే నేరుగా డార్కింగ్ మెయిన్ స్టేషన్‌లో దిగొచ్చు. అక్కణ్నుంచి ఊరివైపు నడిస్తే డీప్‌డీన్ రౌండ్ అబౌట్‌లో పెద్ద లోహపు కోడిపుంజు కనిపిస్తుంది. దాని దగ్గర రైగేట్ రోడ్డులోకి తిరిగి కాస్త ముందుకెళ్తే శ్మశానం వస్తుంది. నడవలేననుకుంటే స్టేషన్ దగ్గరే టాక్సీ మాట్లాడుకోండి. లోపల కొంత ఎత్తుపల్లాలున్నాయి, సమాధులూ చాలా ఎక్కువ. అందుకని ఆయనది ఎక్కడుందో మీ అబ్బాయిని ముందే కనుక్కుని పెట్టమనండి. మన ఊళ్లలోలాగా గుర్రమ్మీద కూర్చున్న విగ్రహం ఉంటుందనుకోకండి. నవలాకారుడు జార్జ్ మెరెడిత్ సమాధి కూడా ఇక్కడే ఉంది.

గోదావరి నీళ్లు తప్పకుండా తెమ్మనండి. సీసా చేతిసంచిలో కాకుండా చెకిన్ బ్యాగులో పెట్టాలి. పూలకు చుట్టిన ప్లాస్టిక్ తీసేసి పెట్టండి. కొబ్బరికాయ, కర్పూరం వద్దు. వీలైతే మే 15నే వెళ్లండి. అది ఆయన పుట్టినరోజు, మన గోదావరి జిల్లాల్లో ఆ రోజు విగ్రహాలకు దండలు వేస్తారని మీకు తెలిసిందే.

ధవళేశ్వరం ఆనకట్ట 1847 నుంచి 1852 దాకా కట్టించిన మనిషి, రిటైరయ్యాక డార్కింగ్‌లో ఇల్లు తీసుకుని, నేలను లోతుగా దున్ని గోధుమ పండించే ప్రయోగాలు చేశారు. 1899 జులైలో, 96 ఏళ్ల వయసులో అక్కడే పోయారు. మీ వారికి ఈ సేద్యం సంగతి చెప్పండి, సంతోషిస్తారు. కూతురు ఎలిజబెత్ ఈ ఊళ్లో తాగుడు మాన్పించడానికి కాఫీ గది నడిపింది. తండ్రి జీవితచరిత్ర రాసిందీ ఆవిడే.

తర్వాత వెస్ట్ స్ట్రీట్. పాత సామాన్ల దుకాణాలు, మ్యూజియం, 1620లో మేఫ్లవర్ ఓడలో అమెరికా వెళ్లిన విలియం ముల్లిన్స్ ఇల్లు అన్నీ ఆ ఒక్క వీధిలోనే. సౌత్ స్ట్రీట్ కింద ఇసుకరాతిలో తొలిచిన గుహలున్నాయి గానీ మెట్లు దిగాలి, మీకొద్దు.

రౌండ్ అబౌట్ కోడి దగ్గర మాత్రం ఒక్క నిమిషం ఆగి కాళ్లు చూడండి. మామూలుగా కోడికి నాలుగు వేళ్లే ఉంటాయి కదా, డార్కింగ్ జాతికి అయిదు. వెనక వేలికి పైన మరోటి పైకి లేచి ఉంటుంది. పందెం కోళ్ల జాతులన్నీ నోటికి చెప్పే మన కోనసీమవాళ్లకు ఇది చూపించకపోతే ఎలా?

మధ్యాహ్నం బాక్స్ హిల్. మోల్ నది మీద పరిచిన రాళ్ల మీదుగా దాటి కొండెక్కే దారి చాలా అందమైనదే, కానీ ఆ మెట్లు నిటారుగా ఉంటాయి. మీరు కారులో పైదాకా వెళ్లండి. 2012 ఒలింపిక్స్ సైకిల్ పందెం సాగిన మెలికల రోడ్డు అదే. కార్ పార్కు నుంచి కొద్దిదూరం నడిస్తే సాలమన్స్ స్మారకం, దాని ముందు డార్కింగ్ లోయంతా పరుచుకుని కనిపిస్తుంది. 1914లో ఈ కొండను కొని ప్రజలకు ఇచ్చేసిన లియొపోల్డ్ సాలమన్స్ పేరే దానికి పెట్టారు. అక్కడ పచ్చిక మీద కూర్చుని తినడానికి పులిహోర కట్టుకెళ్లండి. కొండమీద మే నెలలోనూ గాలి చల్లగా కొడుతుంది, శాలువా మర్చిపోవద్దు.

లీత్ హిల్ టవర్ కూడా చూడమని ఎవరైనా చెబుతారు. అది అదే రోజు పెట్టుకోకండి. టవర్ లోపల మెట్లే మెట్లు, మీ మోకాళ్లకు పడదు. మీ వారికి మరీ మనసైతే ఇంకో రోజు అబ్బాయితో పంపండి.